గుమ్మం దాటేదాకా కాయే

ఓడ గుమాస్తా బొటనవేలు కాయలోకి గోరుదాకా దిగిపోయింది.

వేలు బయటికి లాగి చూసుకున్నాడు. గోరు చుట్టూ పసుపుపచ్చని గుజ్జు. పక్క ట్రేలోంచి ఇంకో మామిడికాయ తీసి నొక్కాడు. అదీ అంతే. మూడోదాన్ని నొక్కలేదు. అరచేతిలో పెట్టుకుని బరువు చూస్తున్నట్టు కదిపి, మెల్లగా మళ్లీ ట్రేలో పెట్టేశాడు.

"ఓడ మాట దేవుడెరుగు. రేవు చేరేలోపే లారీలో రసం కారుతుంది," అన్నాడు. "ఏమమ్మా, పొద్దున ఫోన్లో రాళ్లలా ఉన్నాయని చెప్పింది మీరే కదా?"

"నేనే," అంది అక్క.

షెడ్డులో అందరికీ ఆమె అక్కే. తనకంటే పెద్దవాళ్లకి కూడా. ఆమె ఒక కాయ తీసుకుని ముచ్చిక పక్కన బొటనవేలితో నొక్కింది. తెరిచిన తలుపులోంచి పడే వెలుతురులో, వేలికింద తొక్క లోపలికి పోవడం కళ్లకి కనబడుతోంది. వేలికి మాత్రం ఏమీ తెలియడం లేదు. ఎవరో వేరేవాళ్ల చేయి వేరేవాళ్ల కాయని నొక్కుతుంటే పక్కన నిలబడి చూస్తున్నట్టుంది.

గది పైకప్పుదాకా అరలు, అరల నిండా ట్రేలు, ట్రేల నిండా నవనవలాడే పచ్చటి కాయలు. ఈ రకంతో వచ్చిన చిక్కే అది. లోపల గుజ్జు తేనెపాకం అయిపోయినా పైన తొక్క రంగు మారదు. కంటితో చూసి చెప్పడం ఎవరివల్లా కాదు. వేలు చెప్పాలి. ఆ షెడ్డులో ఆ వేలు అక్కది.

వాళ్ల నాన్న చల్లగదుల జోలికి పోకుండా కట్టిన వ్యాపారం ఇది. కాయని తొడిమతో కోయించి, వేడినీళ్ల తొట్టిలో ముంచి తీసి, పల్చగా మైనం పూత పూసి, గాలి ఆడే గదిలో అరల మీద పరిస్తే, మామూలు గది వేడికే మిగతావాళ్ల సరుకు కంటే రెట్టింపు కాలం గట్టిగా నిలిచేది. అందుకే ఓడలవాళ్లు వీళ్ల దగ్గరికి వచ్చారు. గట్టి కాయ ఎక్కిస్తే అది సముద్రంలో తీరిగ్గా మాగుతూ అవతలి రేవుకి సరిగ్గా తినే అదనుకి చేరుతుంది.

ఈ గదిలో సరుకు సముద్రం చూడకుండానే మాగిపోయింది.

"పుట్టి మునిగింది," అంటూ పెద్దన్నయ్య లోపలికొచ్చాడు. నాన్న పోయాక షెడ్డు పెత్తనం ఆయనదే. ట్రే తర్వాత ట్రే నొక్కి చూస్తూ పోయాడు. ప్రతి నొక్కుకీ ముఖం ఒక అంగుళం కుంగింది. "ఒకటో రెండో అయితే పుచ్చులనుకుంటాం. గది గదంతా ఒక్కసారి ఎలా మాగుతుందే? నువ్వు రోజూ చూస్తూనే ఉన్నావు కదా?"

"చూస్తూనే ఉన్నానన్నయ్యా."

"వాసన కూడా తగల్లేదా?"

"పక్క గదిలో ఊళ్లో అమ్మే సరుకు మాగుతూనే ఉంటుంది కదా ఎప్పుడూ. ఏ వాసన ఏ గదిదో ఎవరు చెప్పగలరు?"

అప్పుడే వెనక గోడ దగ్గరినుంచి కేక వినబడింది. కేక వేసింది రేడియో. కాయలకి మైనం పూసే ఆవిడ. నోటికి గడియ ఉండదు కాబట్టి ఆ పేరు. అడుగు అరకి అడ్డంగా పేర్చిన ఖాళీ ట్రేలు పక్కకి లాగి, మోకాళ్ల మీద వంగి ఉంది.

"అయ్యగారూ, ఇక్కడ మూటలున్నాయి! ఒకటి కాదు, గోడ పొడుగునా ఉన్నాయి. అమ్మమ్మమ్మ, ఏం కంపు! నేను ముట్టుకోను, ముట్టుకున్నానంటే ఇంటికెళ్లినా మా ఆయన గుమ్మంలోకి రానివ్వడు."

పెద్దన్నయ్య ఒక మూట కాలితో తన్నాడు. గోనె విచ్చుకుని నల్లగా కమిలిన అరటి అత్తాలు బయటికి జారాయి.

ఇంక ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. ఈ పనిలో ఉన్నవాళ్లకి పుట్టగానే నేర్పే పాఠం అది. బాగా మాగిన అరటిని కాయల మధ్య పెడితే అది వదిలే ఆవిరికి పక్కనున్న కాయలన్నీ తొందరపడి మాగిపోతాయి. పక్క గదిలో ఊరి బేరాల కోసం వాళ్లు చేసేది అదే. కావాలని చేస్తే మాగబెట్టడం. ఓడ సరుకున్న గదిలో దొంగచాటుగా చేస్తే కొంప కూల్చడం.

"అరటి," అన్నాడు పెద్దన్నయ్య. ఒక్కొక్క అక్షరం విడివిడిగా పలికాడు. "మనలో అరటి లారీ తోలేది ఎవడు?"

లారీ తోలేది తమ్ముడు. గుమ్మంలో నిలబడి అంతా వింటున్నాడు. నిన్న సాయంత్రమే దూర ప్రయాణంనుంచి దిగాడు. ఇంకా కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నావైపు చూస్తావేంటన్నయ్యా?" అన్నాడు.

"ఈ గదికి తాళాలు రెండే. ఒకటి నీ దగ్గర, ఇంకోటి మీ అక్క దగ్గర. అరటిపళ్లు తెచ్చేది నువ్వు. ఇంకెవడి వైపు చూడను, గోడ వైపా?"

"నేను చేస్తే నాకేంటి లాభం?"

"కిందటి నెల నిన్ను ఓడ సరుకు తోలనివ్వనన్నానని నలుగురిలో అరిచావా లేదా? మళ్లీ తాగుతున్నావురా నువ్వు."

"ఊదమంటావా? మొహం మీద ఊదనా?"

పెద్దన్నయ్య తమ్ముడి జబ్బ పట్టుకుని కాటా గదిలోకి నెట్టి, బయట గడియ పెట్టాడు. తర్వాత పోలీసులకి ఫోన్ చేశాడు. తలుపుకి అవతలనుంచి తమ్ముడు ఒక్కటే మాట అన్నాడు, అదీ అన్నయ్యతో కాదు.

"అక్కా. ఇంకో కేసు పడితే నా గతి ఏంటో నీకు తెలుసు కదా."

తెలుసు. తాగి లారీ తోలి ఒక ఇంటి గోడ కూల్చినందుకు వాడు జైలుకెళ్లాడు. బుద్ధిగా ఉంటాడని పూచీ రాయించుకుని సగంలో వదిలిపెట్టారు. ఇంకో కేసు పడితే మిగిలిన శిక్షంతా అనుభవించాలి. ఆ పూచీ కాగితం మీద సంతకం పెట్టింది ఆమే. బయటికొచ్చాక వాడు చుక్క ముట్టలేదు. అది కూడా ఆమెకే తెలుసు.

ఏడుపు రావాలి అనుకుంది. కోపమైనా రావాలి. ఏదీ రాలేదు. వేళ్లలో మొదలైన తిమ్మిరి చేతుల మీదుగా పైకి పాకి గుండెదాకా వచ్చి కూర్చున్నట్టుంది.

అంతలో ఆయన వచ్చాడు. ఆమె భర్త. షెడ్డు తరఫున ఓడలవాళ్లతో బేరాలు మాట్లాడేది ఆయనే. ఇస్త్రీ చొక్కా, నోట్లో చక్కెర. వచ్చీరాగానే గుమాస్తాకి కుర్చీ వేయించి, టీ తెప్పించి, పెద్దన్నయ్య భుజం మీద చెయ్యి వేశాడు.

"పోలీసులెందుకు బావగారూ? ఇంట్లో కుర్రాడు. పనిలోంచి తీసేస్తే సరిపోయేది కదా."

"సరిపోదు బావా. ఈసారి సరిపోదు."

"మీ ఇష్టం. మీ తమ్ముడు, మీ మాట." ఆయన నిట్టూర్చాడు. ఆ నిట్టూర్పు కూడా ఇస్త్రీ చేసినట్టే ఉంది.

రేడియో దవడ పట్టుకుని మూలుగుతూ గోడకి చేరబడింది. "ఈ గొడవకి నా కాయలు మళ్లీ సలుపుతున్నాయి," అంది.

ఓడ గుమాస్తా తలెత్తాడు. "ఏం సలుపుతున్నాయి?"

"పన్ను సార్! పన్ను నొప్పి!" అన్నాడు లారీ పక్కన నిలబడ్డ హమాలీ నవ్వాపుకోలేక. "ఈ షెడ్డులో ఆ మాట అనకూడదు సార్. వీళ్ల నాన్నగారు పెట్టిన రూలు. గుమ్మం దాటేదాకా కాయే. మాగినా కాయే, కుళ్లినా కాయే. గుమ్మం దాటాకే పండు. లోపల నోరు జారి పళ్లు అన్నవాడు అందరికీ టీ పోయించాలి. అందుకని ఈవిడ నోట్లో ఉన్నవాటిని కూడా కాయలంటుంది."

"ఇప్పుడు అయ్యగారు అరటిపళ్లు అన్నారు," అంది రేడియో. "ఉన్న బాధలో అడగలేదు కానీ, టీ బాకీ."

"అరటి బయటినుంచి వచ్చింది. దానికి రూలు లేదు," అన్నాడు పెద్దన్నయ్య విసుగ్గా.

అక్క వీళ్ల మాటలు వింటోంది. వింటున్న చెవిలో ఇంకో మాట మోగింది. పొద్దున విన్న మాట.

పొద్దున తను గదంతా చూసి, ఓడవాళ్లకి ఫోన్ చేసి, ఇంటికొచ్చి గిన్నెలు కడుగుతోంది. ఆయన వీధి గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ అన్నాడు: "పళ్లు లారీ ఎక్కగానే నాకొక ఫోన్ కొట్టు."

పళ్లు.

అప్పుడు అది చెవిన పడింది, మనసున పడలేదు. పెళ్లయిన కొత్తలో షెడ్డు చూడ్డానికొచ్చి "పళ్లు బాగున్నాయి" అన్నందుకు మరదళ్లూ బావమరుదులూ ఆయన్ని నెలల తరబడి ఏడిపించారు. అప్పటినుంచి ఆయన వాళ్లందరికంటే గట్టిగా రూలు పట్టుకున్నాడు. ఇంట్లో కంచం పక్కన కోసిపెట్టిన ముక్కల్ని కూడా "కాయ ఇంకో ముక్క వెయ్యి" అంటాడు. అలాంటి మనిషి, లోకంలో అందరూ రాళ్లలాంటి కాయలనుకుంటున్నవాటిని, తలుపు తెరవకముందే, పళ్లు అన్నాడు.

ఆయనకి అవి అప్పటికే పళ్లు.

ఆమె తిరిగి గదిలోకి వెళ్లి మూటల ముందు వంగింది. అరటి తొక్క కమిలి, నల్లబడి, గోనెకి అతుక్కుపోయి ఉంది. ఒక రాత్రిలో అయ్యే పని కాదు ఇది. నిన్న సాయంత్రం పెట్టిన మూట అయితే అరటి మీద మచ్చ కూడా పడి ఉండేది కాదు. కాయలూ ఇంతలా మెత్తబడేవి కావు. తమ్ముడు ఊరెళ్లాకే ఈ గది నింపారు. అన్నాళ్లూ వాడి తాళం వాడితోపాటే రోడ్డు మీద తిరిగింది.

రెండో తాళం తనది. ఇంట్లో, వంటగది తలుపు వెనక, మేకుకి వేలాడుతుంది.

వేడినీళ్ల తొట్టి దగ్గర ఆయన ఒంటరిగా సిగరెట్ వెలిగిస్తున్నాడు. ఆమె వెళ్లి పక్కన నిలబడింది.

"మీరు పొద్దున పళ్లు అన్నారు," అంది.

"ఏంటి?"

"లారీ ఎక్కేవి పళ్లన్నారు."

ఆయన నవ్వబోయాడు. నవ్వు సగందాకా వచ్చి ఆగిపోయింది. అగ్గిపుల్ల వేలిదాకా కాలింది. విదిలించి పారేశాడు.

"నువ్వు టీ అడుగుతున్నావా ఇప్పుడు?"

"వాడు జైలుకెళ్తాడండీ."

"కొన్నాళ్లు. ఆ తర్వాత వస్తాడు." గొంతు తగ్గించాడు. "వాడి మీదికి పోతుందని నేననుకోలేదు, నీ మీద ఒట్టు. ఏదో పూత తేడా చేసిందని అందరూ తలలు పట్టుకుంటారు, ఈ బేరం పోతుంది, అంతే అనుకున్నాను. ఆ ఖాళీ ట్రేలు ఇవాళే జరుపుతారని నాకేం తెలుసు?"

"బేరం పోతే మీకేం వస్తుంది?"

"మనకి. మనకేం వస్తుంది అని అడుగు." ఆయన దగ్గరగా జరిగాడు. "రేవు పక్కన కొత్త చల్లగదులు కట్టారు. ఈ ఓడ బేరం అటు తిప్పితే మేనేజర్ని చేస్తామన్నారు. అక్కడ అంతా మిషనే చూస్తుంది. వేలితో పనే లేదు. నీ అన్నదమ్ముల షెడ్డులో నేను ఎన్నాళ్లయినా అల్లుడుగారినే కదా. ఇక నువ్వు, ఆ వేలు పెట్టుకుని ఎన్నాళ్లు నెట్టుకొస్తావు? ఏదో ఒకరోజు బయటపడదా?"

వేలు.

ఏళ్ల తరబడి వేడినీళ్లలో, మైనంలో నానిన చేతులు. ముందు చలికాలం పొద్దుల్లో తిమ్మిరెక్కేవి, తర్వాత తిమ్మిరి దిగడం మానేసింది. నరాల జబ్బన్నాడు డాక్టరు. నయమవుతుందో లేదో చెప్పలేనన్నాడు. బొటనవేలికి స్పర్శ లేదని షెడ్డులో తెలిస్తే రేపటినుంచి ఆ గుమ్మం తొక్కనివ్వరు. నాన్న ఆ పని అన్నయ్యకి కాకుండా తనకి నేర్పాడు. తనకని మిగిలింది అదొక్కటే. అందుకని చెంపకి ఆనించి, ముక్కు దగ్గర పెట్టి, కాయ బరువు చూసి, ఎలాగో నెట్టుకొస్తోంది. లోకంలో ఒక్క మనిషికే ఆ సంగతి చెప్పుకుంది.

ఆ మనిషి ఈమధ్య రోజూ పడుకునే ముందు ఆమె చెయ్యి ఒళ్లో పెట్టుకుని నూనె రాసేవాడు. బొటనవేలి మీద గోటితో గిల్లేవాడు. "ఇప్పుడు తెలుస్తోందా?" అనేవాడు. "లేదండీ." "ఇక్కడ?" "లేదు." "సర్లే, పడుకో."

ఎంత ప్రేమ అనుకుంది. ఆయన తన సరుకు మాగిందో లేదో చూసుకుంటున్నాడు.

"చెప్పాలంటే వేలి సంగతి కూడా చెప్పాలి," అన్నాడు ఆయన, ఆమె కళ్లలోకి చూస్తూ. "అది చెప్పకుండా నన్ను ఇరికించలేవు. చెప్పావో, మీ అన్నయ్య నిన్ను మళ్లీ ఒక్క కాయ ముట్టుకోనివ్వడు. పిచ్చిదానా, నేను చేసిందంతా నీకోసమేనే."

ఆయన చెప్పింది నిజమే కావచ్చు. ఆమె ఆ మాటని కూడా ముచ్చిక పక్కన నొక్కి చూసింది. గట్టిగా ఉందో మెత్తగా ఉందో తెలియలేదు.

బయట జీపు ఆగింది.

ఎస్సై దిగుతూనే ముక్కు మూసుకున్నాడు. కాటా గది తలుపు తీశారు. తమ్ముడు చొక్కా సర్దుకుంటూ షెడ్డు బయటికొచ్చి, జీపు పక్కన చేతులు ముందుకి చాపి నిలబడ్డాడు. అప్పటికే అలవాటైన పనిలా.

"ఇతనేనా?" అన్నాడు ఎస్సై.

"వీడే," అన్నాడు పెద్దన్నయ్య.

"వాడు కాదు," అంది అక్క.

అందరూ తిరిగి చూశారు. ఆమె గొంతు ఎప్పటిలాగే ఉంది. సాయంత్రం ఎన్ని ట్రేలు కడగాలో చెప్పే గొంతు.

"ఆ అరటి చూడండి సార్. అలా నల్లబడాలంటే నిన్నటిది కాదు, ఎప్పటిదో అయ్యుండాలి. ఈ గది నింపేనాటికే వాడు ఊళ్లో లేడు. నిన్న సాయంత్రం దిగాడు. వాడి తాళం వాడి దగ్గరే ఉంది."

పెద్దన్నయ్య చెల్లెలి వైపు తిరిగాడు. "ఇంక మిగిలింది నీ తాళమేనే."

"అవును. నా తాళమే."

"అంటే నువ్వా?"

"ఆగండి బావగారూ," అన్నాడు భర్త. "తమ్ముడి మీద మమకారంతో ఏదో అంటోంది. మీరు లోపలికి పదండి ఎస్సైగారూ, తీరిగ్గా మాట్లాడదాం."

అక్క కదల్లేదు. ట్రేలకి చీటీలు గుచ్చే డబ్బాలోంచి ఒక గుండుసూది తీసింది. అందరికీ కనబడేలా ఎడంచేత్తో పట్టుకుని, కుడి బొటనవేలి కండలోకి దించింది. సూది తలదాకా పోయింది. రక్తం ఒక చుక్కగా ఊరి, మణికట్టు మీదికి జారింది. ఆమె కనురెప్ప కూడా కదల్లేదు.

"అమ్మో!" అంది రేడియో. ఆ ఒక్క మాటే అని ఊరుకుంది, జీవితంలో మొదటిసారి.

"ఈ వేలికి ఏమీ తెలియదన్నయ్యా," అంది అక్క. "చాన్నాళ్లయింది. రోజూ ఆ గది మసకలో తిరిగి ప్రతి వరసా నొక్కాను. నాకు అన్నీ ఒకేలా ఉంటాయి, రాయీ, వెన్నా. నేను నొక్కినా కనిపెట్టలేనని తెలిసినవాళ్లే ఆ మూటలు పెట్టగలరు. తెలియకపోతే ఆ ధైర్యం చెయ్యరు. మర్నాడే దొరికిపోతారు కదా."

పెద్దన్నయ్య ఆ వేలివైపే చూస్తున్నాడు. ఆయన ముఖంలో కోపం కరిగి, దాని వెనక ఇంకేదో కనబడింది. ఇక ఆ గదిలో ఆమె పని అయిపోయిందని ఆయనకీ, ఆమెకీ ఒకేసారి తెలిసింది.

"ఈ సంగతి ఎందరికి తెలుసు?" అన్నాడు ఎస్సై.

"ఒక్కరికి."

ఆమె ట్రేలోంచి మాగిన కాయ ఒకటి తీసుకుని గుమ్మం దాటి ఎండలోకి వచ్చింది. తమ్ముడి చాచిన చేతుల్లో దాన్ని పెట్టింది. వాడు అర్థంకానట్టు చూశాడు.

"పండు," అంది. "తిను. పొద్దుటినుంచి ఏమీ తినలేదు నువ్వు."

లోపల సిగరెట్ కింద పడింది. చెప్పుతో దాన్ని నలుపుతున్న చప్పుడు. లారీ వైపు రెండడుగులు పడ్డాయి, హమాలీ అడ్డంగా నిలబడేసరికి ఆగాయి.

"పేరు చెప్పాలమ్మా," అన్నాడు ఎస్సై. "ఆ ఒక్కరూ ఎవరు?"

అక్క వేలినుంచి సూది లాగేసింది. దానికీ నొప్పి లేదు.

"మా ఆయన," అంది.